మా గల్లీలో సైగలు బంద్

మా ఆయన నాతో మొదటిసారి పోట్లాడింది చేతులతో. కొట్టాడని కాదు. పెళ్లయి నెల తిరక్కముందే భివండి నార్పోలిలో తను పనిచేసే కార్ఖానాకే నన్నూ నూలు కండెలు చుట్టడానికి తీసుకెళ్లాడు. ఇరవై నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, ఒక్కసారిగా ఆడే చోట మనిషి గొంతుకు విలువ ఉండదు. చెవిలో నోరు పెట్టి అరిచినా సగం మాటే చేరుతుంది. అందుకని అక్కడ అందరూ చేతులతో, కనుబొమలతో, పెదాలు కదుపుతూ మాట్లాడుకుంటారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి టక్కున విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి చుట్టూ వేలు తిప్పితే కండె అయిపోయిందని. లేని మీసం దువ్వితే సేట్ వస్తున్నాడని. ఆ రోజు నేను చుట్టిన కండెలు వదులుగా ఉన్నాయని ఆయన ఆ చివర నిలబడి రెండు చేతులతో తిట్టాడు. కార్ఖానా మొత్తం చూసింది. వారం తిరిగేసరికి నేనూ ఈ చివర నిలబడి తిరిగి తిట్టడం నేర్చుకున్నాను.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. మేముండే ఖోలీకీ కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే కదా, ఇంట్లో ఉన్నా చెవుల్లో సాంచాలే. కూరలో ఉప్పు తక్కువైతే ఆయన రెండు వేళ్లు నలిపేవాడు. చుట్టాలు కదలకుండా కూర్చుంటే కిందికి చూస్తూ చిటికెన వేలు ఆడించేవాడు, నేను లేచి ఖాళీ గ్లాసులు చప్పుడయ్యేలా తీసేదాన్ని. మా బిడ్డ అమ్మా అనడానికి ముందే చేత్తో పాలడిగింది. మరాఠీ బడిలో చదివి ఇప్పుడు కాలేజీకి పోతోంది, ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపి మమ్మల్ని అదుపులో పెడుతుంది. నోరు తెరవకుండా ముప్ఫై ఏళ్లు సంసారం చేశామంటే అది మా గొప్పదనమేనని నేను చాలాకాలం అనుకున్నాను.

పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున ఆయన చేతిలోంచి చాయ్ గ్లాసు జారి పడింది. నేను ముందు గ్లాసు పగిలిందని తిట్టాను. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. తలెత్తి చూస్తే ఆయన మూతి ఒక పక్కకు జారిపోయి ఉంది, కుడిచేయి ఒళ్లో పడి ఉంది. క్షణంలో గల్లీ అంతా లోపలికొచ్చింది. ఒకామె గాలి సోకిందంది. ఒకాయన, ఇది లకువా, పక్షవాతం, పావురం నెత్తురు రాస్తే దిగిపోతుందని బయల్దేరాడు. తర్వాత రెండు రోజులు మా గల్లీలో పావురాలు కనిపించలేదు, వాటికీ కబురు అందినట్టుంది. మా బిడ్డ ఎవరి మాటా వినలేదు.

"అమ్మా, లవ్కర్ నడువు, జల్ది! రిక్షా తెచ్చిన. మంది మాటలు ఇనుకుంట కూసుంటే బాపు పోతడు."

దాని నోటి దురుసుకు నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు. ఆ రోజు ఆ దురుసే ఆయన్ని ఠాణే పట్నంలోని ఆసుపత్రికి వేళకు చేర్చింది.

అక్కడి డాక్టరు మెదడు ఫొటో చూపించి, ఎడమ పక్క మరక పడిన చోటు మీద వేలు పెట్టాడు. ఇంత మేర పోయింది, అది తిరిగి రాదు, కానీ చుట్టుపక్కల ఉన్నది దాని పని నేర్చుకుంటుంది, మీరు నేర్పిస్తే, అన్నాడు. నేర్పించడం ఏముంది, నేనున్నాను కదా అనుకున్నాను. అక్కడే అసలు తప్పు మొదలైంది.

నడక తొందరగానే వచ్చింది. నెలన్నర తిరిగేసరికి గోడ పట్టుకోకుండా గల్లీ చివరి దాకా పోయి వచ్చేవాడు. కుడిచేయి బరువైంది, ఎడమచేయి మాత్రం బాగానే ఆడింది. మాట పోయింది. అన్నీ పోయి ఒకే ఒక్క మాట మిగిలింది, బస్. చాలు అనే మాట. ఇంకొంచెం అన్నం కావాలన్నా బస్, వద్దన్నా బస్. పలకరించడానికి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే "బస్, బస్" అని స్వాగతం చెప్పేవాడు. కొందరు నొచ్చుకుని చెప్పులు విప్పకుండానే వెళ్లిపోయారు.

నాకు మాత్రం ఇబ్బంది లేదు. ఆయన ఎడమచేయి ఇలా కదిపితే చాలు, అలా సమకూర్చేదాన్ని. ఎవరొచ్చినా పక్కన కూర్చుని ఆయన సైగలు చదివి చెప్పేదాన్ని. అందరూ ఎంత అదృష్టవంతుడో అనేవారు. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. చదివిందంతా నేను ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఆయన చాయ్‌లో చక్కెర అడిగితే "వద్దంటున్నడు" అన్నాను. అది డాక్టరు మాట, సరే. మరి ఆయన మిత్రుడొకడు వచ్చి గంటసేపు కూర్చుంటే, ఆయన ఇంకా కూర్చోమని చెయ్యి పట్టుకుంటుంటే, "నిద్రొస్తుందట" అని పంపేశానే, అది ఎవరి మాట? ఆయన నన్ను కొరకొరా చూసి బస్ అన్నాడు, అంతే. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆఖరి మాట నాదయ్యింది. ఆ రెండు నెలలు నాకు లోలోపల కొంచెం హాయిగానే ఉండింది. ఇది తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మాట నేర్పే డాక్టరమ్మ వారానికి రెండుసార్లు భివండిలోని ఒక దవాఖానాకు వచ్చేది. మరాఠీ పిల్ల, మా బిడ్డ కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మొదటి రోజే ఆయన ముందు బొమ్మల ముక్కలు పరిచింది. తాళంచెవి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. ఆయన వేళ్లు మెలితిప్పాడు. "తాళంచెవి" అన్నాను నేను. గొడుగు చూపించింది. ఆయన చేయి పైకెత్తాడు. "గొడుగు" అన్నాను. మూడో బొమ్మకు ఆయన చేయి ఇంకా లేవనే లేదు, కనుబొమ కదిలింది. "కోడి" అన్నాను. బడిలో ముందు బల్ల మీద పిల్లలా ఉత్సాహంగా ఉంది నాకు.

ఆమె ముక్కలన్నీ పేర్చి పక్కన పెట్టింది. మరాఠీలో గబగబా ఏదో అంది. మా బిడ్డ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"అమ్మా, స్ట్రోక్ వచ్చింది నీకా, బాపుకా అని అడుగుతుంది."

ఆమె మాత్రం నవ్వలేదు. ఆమె అడిగింది, మా బిడ్డ చెప్పింది, కార్ఖానా సంగతి, సైగల సంగతి, ఇంట్లో అందరికీ అవి వచ్చన్న సంగతి. విని తల పట్టుకుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంటివాళ్లకు అర్థం కాక ఏడ్చేవాళ్లే అందరూ, అర్థమై చెడగొడుతున్నవాళ్లను మిమ్మల్నే చూస్తున్నాను ఆంటీ, అంది. మెదడు ఊరికే కొత్త దారి వేసుకోదట. అవసరం పడాలట. చెయ్యి ఊపితే నీళ్లు వచ్చేస్తుంటే నోరు ఎందుకు కష్టపడుతుంది అని అడిగింది. నాకు అది పని భాషలో వెంటనే అర్థమైంది. తెగిన పోగును ముడి వేయకుండా అలాగే నడిపిస్తే సాంచ ఆగదు, బట్ట దిగుతూనే ఉంటుంది, కానీ గజాల కొద్దీ చార పడిపోతుంది. నేను రెండు నెలలుగా చార నేస్తున్నానన్నమాట.

ఆమె పెట్టిన షరతు ఇది. నొప్పి, బాత్రూం, ఈ రెండింటికి సైగ చేయవచ్చు. మిగతా వాటికి ఆ క్షణం నుంచి మాకెవరికీ సైగలు రావు. పూర్తి మాట రాకపోయినా ఫరవాలేదు, మొదటి అక్షరం వచ్చినా ఇచ్చేయాలి. ఇవన్నీ ఆయనకు ఎదురుగానే చెప్పింది, ఆయన తల కూడా ఊపాడు. ఊపింది ఎడమచేయి కూడా కలిపి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే ఆయన బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. నీళ్లు. నేను ఫ్యాను వైపు చూశాను. నాకు నటన రాదు. పుట్టి బుద్ధెరిగి ఏదైనా అర్థమైతే అర్థమైనట్టు మొహంలో కనబడిపోతుంది.

"నాకు సమజ్ కాలే. నోటితోని చెప్పు" అన్నాను.

ఆయన ఇంకా పెద్దగా చేసి చూపించాడు. తర్వాత బిందె చూపించాడు. తర్వాత మా బిడ్డ వైపు తిరిగి, కణత దగ్గర వేలు తిప్పి, నన్ను చూపించాడు. మీ అమ్మకు పిచ్చెక్కిందని.

"మలా పణ్ సమజత్ నాహీ, బాపూ" అంది అది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. తనకూ అర్థం కాలేదట.

అప్పుడు ఒంటికాలి మీద లేచాడు. ఎడమచేత్తో నన్నూ, మా పుట్టింటివాళ్లనూ, కొత్త కాపురంలో నేను చుట్టిన వదులు కండెలనూ కలిపి తిట్టాడు. ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ వాడని తిట్లు. ప్రతి అక్షరం అర్థమవుతుంటే అర్థం కానట్టు నిలబడటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. జవాబు చెప్పడానికి నా చేతులు వాటంతటవే లేస్తుంటే కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి ఆయనే లేచి బిందె దగ్గరికెళ్లి ఎడమచేత్తో ముంచుకుని తాగాడు, గ్లాసు చప్పుడయ్యేలా పెట్టాడు.

నాలుగో రోజు "నీ" అన్నాడు. అంతే, నీ. నేను గ్లాసు బదులు చెంబు నిండా తెచ్చిచ్చాను. ఆయన పూర్తిగా తాగలేక సగం చొక్కా మీద పోసుకున్నాడు.

ఇంట్లో తన పప్పులు ఉడకడం లేదని తెలియగానే ఆయన గల్లీలో పడ్డాడు. మా గల్లీ సంగతి చెప్పాలా? సగం మంది సాంచాల వాళ్లే, మిగతా సగం సాంచాల వాళ్లకు అమ్ముకునేవాళ్లు. పొద్దున బాత్రూం అని సైగ చేసేవాడు, దానికి మినహాయింపు ఉంది కదా, గల్లీ చివర ఉన్న బాత్రూంకని మేం తలుపు తీసేవాళ్లం, అటు నుంచి అటే చాయ్ బండి దగ్గరికి పోయేవాడు. అక్కడ చేయి ఊపితే చాయ్, వేలు చూపితే బిస్కెట్టు, కన్ను కొడితే రెండు చెంచాల చక్కెర. గంట తర్వాత కడుపు నిండి, నోరు మెదపకుండా తిరిగి వచ్చేవాడు. నీళ్ల కోసం తపస్సు చేయిస్తున్న నేను మాత్రం ఇంట్లో రాక్షసిలా మిగిలాను.

నేను చాయ్ బండి దగ్గరికి పోయాను. ఆ బండి నడిపే ఉత్తరప్రదేశ్ మనిషికి మొత్తం వివరించాను. ఆయన తల గోక్కున్నాడు.

"భాభీ, సమజ్‌మే ఆతా హై తో క్యా కరూఁ? నా సమఝ్‌నా కైసే కర్తే హైఁ?"

అర్థం కాకుండా ఉండటం ఎలా అని అడిగాడు పాపం. నాకే రాని విద్య ఆయనకు ఏం నేర్పను? నన్ను చూడు అని ఫ్యాను వైపు చూసే మొహం పెట్టి చూపించాను. ఆయన దగ్గర ఫ్యాను లేదు, కెటిల్ వైపు చూస్తానన్నాడు. అలా ఇంటింటికీ తిరిగాను. కార్ఖానాలోని వాళ్లు, పాన్ డబ్బా, ఇస్త్రీ చేసే ఆమె. మర్నాటి నుంచి మా ఆయన బయటికి రాగానే గల్లీలో అందరూ ఒక్కసారిగా ఆకాశం చూసేవారు. కొత్తగా వచ్చినవాళ్లు విమానమేదో పోతోందనుకుని వాళ్లూ చూసేవారు.

ఇంత చేశాక ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి చూస్తే, ఆయన ఫోను గోడకు ఆనించి, ఎదురుగా కూర్చుని కిలకిలా నవ్వుతున్నాడు. ఫోనులో ఉన్నది మా మరిది, ఊళ్లో అతనూ సాంచాల మీదే పనిచేస్తాడు. వీడియోలో ఇద్దరూ అరగంటగా చేతులతో ముచ్చట పెట్టుకుంటున్నారు. నేను ఫోను లాక్కున్నాను.

"ఏందయ్యా, మీ అన్నకు మాట రావాలెనని ఉందా లేదా నీకు?"

"గట్లనకు వదినె. అన్న మంచిగనే మాట్లాడుతుండు గదా?" అన్నాడు మరిది అమాయకంగా. ఆ రోజు నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అయినా కొంచెం కొంచెంగా వచ్చింది. "చా" వచ్చింది, "రా" వచ్చింది. వచ్చినవన్నీ సరైన చోటికి రాలేదు. అన్నం అనబోయి సబ్బు అనేవాడు. బిడ్డను మోటర్ అని పిలిచాడు. పనివాళ్లను అదిలించే మేస్త్రీని పిలిచినట్టు నన్ను ఒకసారి ముకద్దం అన్నాడు, అది మాత్రం పొరపాటుగా వచ్చిందని నేననుకోను. నవ్వకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఒక రోజు ఆకలి మీద "సబ్బు, సబ్బు" అని కేకలేస్తుంటే మా బిడ్డ ముందు ఆగలేకపోయింది, తర్వాత నేను, చివరికి ఆయన. మూతి ఇంకా కొంచెం వంకరగానే ఉంది, ఆ వంకర నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. అన్నం అన్నం అని మూడుసార్లు అనిపించి వడ్డించాను.

వానలు పోయి దీపావళి దాటింది. ఒక్కో మాట వస్తోంది కానీ రెండు మాటలు కలవడం లేదు. డాక్టరమ్మ దానికోసమే ఎదురుచూస్తోంది. రెండు కలిస్తే చాలు, ఇక దారి పడినట్టే, తర్వాత ఒక్కో మాట కలుపుకుంటూ పోవచ్చు, అనేది. కలవకపోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆయనకు యాభై ఆరేళ్లు. మిగిలిన బతుకంతా నీ, చా, రా అంటూ గడపాల్సి వస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది. పైకి మాత్రం ఫ్యాను చూస్తూనే ఉన్నాను.

ఆ రోజుల్లోనే సేట్ కార్ఖానాలో పాత సాంచాలు తీసేసి కొత్త మిషన్లు వేయిస్తున్నాడు. ఒక మధ్యాహ్నం పాత ఇనుము, తుక్కు కొనే భంగార్ వాళ్లు టెంపో తెచ్చి గల్లీలో నిలిపారు. ఆయన గడప మీద కూర్చుని చూస్తున్నాడు. తను ఇరవై ఏళ్లు నడిపిన సాంచను ముక్కలు చేసి, మోసుకొచ్చి, టెంపోలోకి విసిరారు. కార్ఖానా ఆగి ఉంది కాబట్టి ఇనుము పడిన చప్పుడు బాగా వినిపించింది. నేను లోపల చిక్కుడుకాయలు తుంచుతున్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. ఎడమచేత్తో టెంపోను చూపించాడు. అదే చేయి తన గుండె మీద పెట్టుకున్నాడు. తర్వాత మణికట్టు తిప్పి విసిరేశాడు. ఇక బాగుకాని సామానుకు కార్ఖానాలో మేం చేసే సైగ అది.

నాకు ఎంత అర్థమైందో ఏం చెప్పను. చేతిలోని కాయలు అక్కడే పడేసి ఆయన పక్కకు పోయి, ఆ చేయి పట్టుకుని, గట్లనకు అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. చెబితే మళ్లీ మొదటికొస్తుంది. ఇంత పెద్ద మాటకు సైగ చాలినప్పుడు ఇక నోటితో చెప్పాల్సిన మాట ఏముంటుంది ఆయనకు?

"నాకు సమజ్ కాలే" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "నోటితోని చెప్పు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చేసిన పనులన్నిటిలో ఇంత కసాయి పని ఇంకొకటి లేదు. ఆయన మళ్లీ టెంపో వైపు చూశాడు. పెదాలు కదిపాడు, ఏమీ రాలేదు. గొంతు సవరించుకున్నాడు. నుదుట చెమట పట్టింది.

"నే... నేను" అన్నాడు. ఎడమచేత్తో గడప గట్టిగా పట్టుకున్నాడు. "భం... భంగార్."

నేను భంగార్. ఇన్ని నెలలుగా ఏ రెండు మాటల కోసం కాచుకుని కూర్చున్నామో అవి ఇవి. మా బిడ్డ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! దోన్ శబ్ద్! బాపు రెండు మాటలు కలిపిండు!" అంటూ అరిచి, ఆ మాటలేమిటో బుర్రకెక్కాక ఆయన పక్కన గడప మీద కూలబడింది.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది, ఎప్పుడూ అంతే.

"మంచిగ చెప్పినవ్" అన్నాను, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "రెండు అయినయ్. ఇగ మూడోది కలుపు. డాక్టరమ్మ చెప్పింది గదా. నేను భంగార్ కాదు. అను."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తల ఊపుడు బంద్. నోటితోని అను. కాదు."

అనలేదు. మొండితనమో, చేతకాకో నాకు తెలియలేదు. "నేను భంగార్" అని ఇంకోసారి అన్నాడు, ఈసారి నాకు మండిపోయేంత స్పష్టంగా. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రాత్రి పెట్టిన అన్నం సగమే తిన్నాడు. మూడో మాట ఆ రోజు రాలేదు.

మర్నాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన పళ్లు తోముకుంటూ, నోటి నిండా నురగతో, బ్రష్షు పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో సగంలో ఆగిన మాటను పూర్తి చేస్తున్నట్టు అన్నాడు.

"కాదు."

దేనికి జవాబో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నేను పొయ్యి తగ్గించి, తిరిగి చూడకుండా అడిగాను.

"ఏంది కాదు?"

ఆయన బ్రష్షు ఉన్న చేయి లేపబోయి, దించేశాడు. నురగ నా చీర మీద తుంపర్లుగా పడేలా, గల్లీలో చాయ్ బండి దాకా వినిపించేలా, కోపంగా ఒక్కో మాట విసిరాడు.

"నేను! భంగార్! కాదు!"

బయట చాయ్ బండి దగ్గర ఎవరో ఈల వేశారు. నేను వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాను. ఒక్క అక్షరం కూడా పోకుండా నాకు అందింది.

"నాకు సమజ్ కాలే" అన్నాను. "ఇంకొక్కసారి చెప్పు."